బోండము, బుడ్డిదీపము

దేశమునకు పెద్ద కష్టము వచ్చిన దినమున ఇంటిలో కాఫీ కాచుకొని త్రాగవచ్చునా, పెండ్లికి బాజాలు పిలిపింపవచ్చునా, పండుగనాడు పిండివంట చేసికొనవచ్చునా అను ప్రశ్న ధర్మశాస్త్రములయందు ఎంత వెదకినను కానరాదు గాని, ఉదయమున వార్తాపత్రిక విప్పి, మొదటి పుటలోని శవముల వరుసను చూచి, ఆ చేతితోనే గ్లాసు నోటికెత్తుకొనబోవు మనుష్యుని మనస్సున ఏదో యొక క్షణమున తలయెత్తక మానదు. కొందరు ఆ ప్రశ్నను కాఫీతోపాటు మ్రింగివేయుదురు. కొందరు పత్రికను మడిచి ఆవల పెట్టి సినిమా పుట తిరుగవేయుదురు. కోనసీమలో పుట్టి పెరిగినవానికి ఈ రెండు మార్గములును అంత సులభముగ దొరకవు. ఏలయన ఈ సీమలో భోగమును విపత్తును ఒకే నేలలోనుండి, ఒకే నీటిలోనుండి పుట్టుచున్నవి.

గౌతమికి వసిష్ఠకు నడుమ, వైనతేయము మధ్యనుండి చీల్చుకొని పోవు ఈ లంకల సీమ, 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పారినది మొదలు, అన్నమునకు వెదకుకొననక్కరలేని చోటని పేరుపొందినది. ఇచ్చటి భోగములు కోటలు కట్టినవారి భోగములు కావు. వరదనీటికి ఎదురీదివచ్చు పులస, ఆత్రేయపురమున కాగితముకంటె పలుచని రేకుపై నేయియు బెల్లపుపొడియు చల్లి మడిచిన పూతరేకు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, పెరటిచెట్టునుండి అప్పటికప్పుడు దించి కత్తితో చెక్కి యిచ్చిన బోండము, భోజనానంతరము వీధియరుగుపై ఒక కునుకు. ఇవి అమరినచో అమలాపురమువాడు మఱి దేనికిని ఆశపడడని మా పెద్దలు నవ్వుచు చెప్పుకొనెడివారు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత పుట్టించుకొన్న సీమ యిది! అయితే ఆ పులసను పట్టిన జాలరి దానిని తన పొయ్యిమీద వండుకొనుట అరుదు. గట్టుమీదనే వేలము పాడి, కారులలో పెట్టుకొని పట్టణములకు కొనిపోవుదురు. తక్కువ ధర పలుకు చేపయే జాలరి కంచములో పడును. కోనసీమ భోగముల గుట్టు ఇచ్చట కొంత తెలియును. మిగిలిన గుట్టు 1996లో తెలిసినది.

ఆ సంవత్సరము నవంబరు 6, బుధవారము. దీపావళి రాబోవు ఆదివారమునాడు. బజారులలో మతాబులు, చిచ్చుబుడ్లు అమ్మకమునకు వచ్చియుండెను. చేలలో సార్వా వరి కోతకు సిద్ధమగుచుండెను. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము చూచుచుండగనే పెనుతుపానుగ మాఱి, ఆ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటినది. అల్లవరము, ఉప్పలగుప్తము, కాట్రేనికోన, ముమ్మిడివరము, ఐ.పోలవరము మండలములు దాని త్రోవలో పడినవి, యానాము తప్పించుకొనలేదు. గౌతమి సముద్రములో కలియుచోటనున్న భైరవపాలెము, బలుసుతిప్ప వంటి జాలరి పల్లెలపైకి సముద్రమే లేచి వచ్చినది. మృతుల లెక్క వెయ్యి దాటినది. జాడ తెలియనివారు ఇంకను వందలకొలది. నవంబరు మాసము ఈ తీరమునకు అచ్చిరాదని పాతవారి మాట. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది, 1839 నవంబరు 25న కోరంగి రేవు తుడిచిపెట్టుకొని పోయినది. ఆ మాట మూఢనమ్మకమని కొట్టివేయుటకు వీలులేదు. తుపానులకు ఈశాన్యపు గాలుల ఋతువే అనుకూలమని వాతావరణశాఖవారును చెప్పుచున్నారు.

జాడ తెలియనివారిలో పెక్కుమంది వేటకు పోయిన జాలరులు. ఇచ్చట ఆగి ఒక సంగతి తలచుకొనవలసియున్నది. ఆ కాలమున టైగరు రొయ్యకు పట్టిన గిరాకి మునుపెన్నడును లేదు. జపానులోను అమెరికాలోను భోజనశాలలలో వెండిపళ్ళెరమున పెట్టి వడ్డించు విలాసాహారము అది. దానిని సాగుచేయు చెరువులకు కావలసిన రొయ్యపిల్లలను మడ అడవుల పాయలలో నడుములోతు నీట నిలిచి, సన్నపు వలలతో ఏరినవారు ఈ పల్లెల స్త్రీలు, పసివాండ్రు. పెద్ద రొయ్య కొఱకు బోటులు సముద్రముపైకి పోయినవి, చిన్న రొయ్య కొఱకు ఆడువారు పాయలలోనికి దిగిరి. వారిని అచ్చటికి పంపినది ఆకలియు ఔను, వేలమైళ్ళ దూరమున నున్న యెవరిదో విందుభోజనమును ఔను. తుపాను వెలిసిన మఱుసటి నెల, డిసెంబరు 11న, తీరప్రాంతపు రొయ్యల చెరువులను తొలగింపవలసినదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పునకు కారణము ఈ తుపాను కాదు, ఉప్పెక్కిన పొలములును చెడిపోయిన మంచినీరును. 2005లో ఆ చెరువులను అనుమతులతో నడుపుటకు పార్లమెంటు చట్టము చేసినది. చెరువులు నేటికిని ఉన్నవి, మునుపటికంటె ఎక్కువగనే ఉన్నవి.

గాలి ఆగిన మఱునాటి ఉదయము వీధిలోనికి వచ్చి చూచినవారికి మొదట తెలిసినది వెలుతురు. కోనసీమలో ఆకాశము ముక్కలుముక్కలుగ, కొబ్బరిమట్టల సందులలోనుండి మాత్రమే కనబడును. ఆనాడు అది అడ్డులేక కనబడినది. చెట్లు కొన్ని వేళ్ళతో పెల్లగిలినవి, కొన్ని నడుమ విరిగినవి, నిలిచినవానికిని మొవ్వు మెలితిరిగినది. మా తోటలో ఏండ్లతరబడి దింపు తీసిన పెద్దాయన ఒకడు, మోకు భుజమున వేసికొని వచ్చి, గట్టుమీద నిలుచుండి చాలసేపు చూచెను. పలకరింపుగ నేనే, "ఏమయ్యా, ఇల్లు నిలిచిందా?" అంటిని.

"ఆయ్, గోడలున్నాయండి, కప్పు లేదండి," అనెను. కొంచెము ఆగి, "మా ఆవిడెప్పుడూ దెబ్బలాడేదండి, చెట్టెక్కి ఎప్పుడో పడిపోతానని. ఇకనుంచి ఆ భయం లేదండి. ఎక్కడానికి చెట్టంటూ ఉంటే కదండీ, పడిపోవడానికి!" అని నవ్వెను.

ఆ నవ్వును గుఱించి అనేక పర్యాయములు తలపోసితిని. కొబ్బరిమొక్క నాటిన ఆఱేడేండ్లకు గాని గెల వేయదు. అంతవఱకు దింపు లేదు, ఒలుపు లేదు, అంబాజీపేట బజారులో బేరము లేదు, పీచు మిల్లు లేదు, త్రాడు పేనువారికి పని లేదు. పడిన చెట్లకు నష్టపరిహారము పట్టాదారు పేరనే వచ్చును. చెట్టు ఎక్కి బ్రదికినవాని పేర ఏ కాగితములోను చెట్టు లేదు.

ఆ తరువాతి దినములలో భోగమనునది తలక్రిందులైనది. బావులలో ఉప్పునీరును బురదయు చేరినందున త్రాగుటకు నీరు లేదు. నేలపై మాత్రము బోండములు కుప్పలుకుప్పలుగ పడియున్నవి. హైదరాబాదులో అతిథికిచ్చి మర్యాద చేయు ఆ పానీయమునే మేము దాహమునకు, మందు మ్రింగుటకు, కడకు పసిపిల్లల నోరు కడుగుటకును వాడితిమి. రెండు పూటలు గడచునప్పటికి పిల్లలు దానిని చూచి మొగము త్రిప్పుకొని, కాచి చల్లార్చిన మంచినీరు కావలెనని మారాము చేయసాగిరి. ఆ మారాము తీర్చుటకు చాలినంత ఎండుకట్టె ఊరిలో ఎవరి యింటను లేదు. తడిసిన డొక్క పొగయే గాని మంట నీయదు. ఎవరో దూరమునుండి లారీలో తెచ్చిన కిరసనాయిలు కొఱకు వరుసలో నిలిచినవారిలో, బంగారపు గాజులు చేతినున్న ఇల్లాండ్రును, వారి యింటనే పాచిపని చేయు స్త్రీలును ఒకరి వెనుక నొకరు సీసా పట్టుకొని యుండిరి. కరెంటు స్తంభములు నేలబడియున్నవి గనుక ఆ దీపావళికి ఊరూర వెలిగినది బుడ్డిదీపమే. మతాబులు తడిసి ముద్దలైనవి. ఎండినవి దొరికినవారును కాల్చుటకు మనసొప్పక దాచిరి. అన్నిటికంటె అపురూపమైన వస్తువు ట్రాన్సిస్టరునకు వేయు బ్యాటరీ. అది యున్న ఇంటి అరుగుపై వీధి యంతయు చేరి, విజయవాడ కేంద్రము వార్తలలో తమ ఊరి పేరు వచ్చునేమో యని చెవులు రిక్కించి వినెడివారు. తమకు జరిగినది తమకు తెలిసియుండియు రేడియోలో వినగోరుట విచిత్రముగ తోచవచ్చును. కాని కష్టములోనున్నవానికి అన్నము తరువాత కావలసినది, తన కష్టము ఇతరులకు తెలిసినదను నమ్మకమే.

ఆ నమ్మకము ఎంతో కాలము నిలువలేదు. నవంబరు 12న హర్యానాలోని చర్ఖీదాద్రి మీద ఆకాశమున రెండు విమానములు ఢీకొని 349 మంది మరణించిరి. ఢిల్లీ పత్రికల మొదటి పుట అటు మళ్ళినది. ఇందుకు ఎవరిని తప్పుపట్టగలము? ఆ 349 మంది ప్రాణములును ప్రాణములే. అయినను జాతీయ విషాదమనిపించుకొనుటకు మృతుల సంఖ్య ఒక్కటియే చాలదనియు, రాజధానికి దగ్గరతనము, మృతుల అంతస్తు, ఛాయాచిత్రము తీయుటకు అనుకూలమైన చోటు కూడ కావలెననియు ఆనాడు మాకు బోధపడినది. సముద్రములో పోయిన జాలరికి ఛాయాచిత్రము లేదు. శవము దొరకనందున మరణ ధ్రువపత్రమును లేదు. అది లేనందున పరిహారము కొఱకు అతని భార్య కచేరీల చుట్టు తిరుగవలసివచ్చినది.

తుపానునకు కారకులు మనుష్యులు కారందురు. సరే, గాలిని మనము పుట్టింపలేదు. మఱి నిప్పు సంగతి యేమి? 1995 జనవరి 8న, ఆ తుపానునకు ఇంచుమించు రెండేండ్ల ముందు, పాశర్లపూడిలో చమురు సహజవాయు సంస్థవారు త్రవ్వుచుండిన 19వ నంబరు బావినుండి గ్యాసు చిమ్ముకొని వచ్చి అంటుకొన్నది. అరువదియైదు దినములు మండినది. చుట్టుపట్ల ఊళ్ళను ఖాళీ చేయించిరి. రాత్రులందు దీపములతో పనిలేకుండ పోయినది. వేడిమికి కొబ్బరాకు మాడినది. అమెరికానుండి అగ్నిమాపక నిపుణులు వచ్చి, తమ యంత్రములతో పాటుపడి, మార్చి 15నాటికి దానిని ఆర్పిరి. దూరపు ఊళ్ళవారు బండ్లు కట్టించుకొని ఆ మంటను చూడవచ్చిరి. మిరపకాయ బజ్జీల దుకాణములు వెలసినవి. ఇదియును మానవస్వభావమే, దీనిని దాచనక్కరలేదు.

ఆ పాశర్లపూడి యున్న మామిడికుదురు మండలములోనే నగరము అను ఊరు కలదు. 2014 జూన్ 27, శుక్రవారము తెల్లవారుజామున, తాటిపాకనుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు గ్యాసు కొనిపోవు గెయిల్ వారి గొట్టము పగిలి, వాయువు ఊరిమీద పఱచుకొన్నది. టీకొట్టులో పొయ్యి వెలిగించుటతో అది అంటుకొన్నదని అప్పటి పత్రికలు వ్రాసినవి. నిద్రలో నున్నవారు నిద్రలోనే కాలిరి. ఇరువదిమందికి పైగా చనిపోయిరి. ఆ గొట్టములోని గ్యాసు నగరమువారి పొయ్యికి వచ్చునది కాదు. ఎక్కడో విద్యుత్తుగ మాఱి, ఎవరి యింటనో పంకా త్రిప్పి, ఎవరి గదినో చల్లబఱచుటకై అది ఆ ఊరి కాళ్ళక్రిందుగ పోవుచుండెను. ఉదయపు టీ యను అతిసామాన్యమైన భోగమును, మహానగరముల చల్లగదియను భోగమును, ఒక ఊరి చావును అంత దగ్గరగ కలిసికొన్న దినము నేను మఱియొకటి ఎఱుగను.

ఈ సీమకును ఫిలిప్పీన్సు దీవులకును ఉన్న పోలిక చాలమందికి తెలియదు. అదియును కొబ్బరినేలయే, వరినేలయే, తుపానుల త్రోవయే. 2013 నవంబరు 8న, స్థానికులు యోలాండా యని పిలిచిన హైయాన్ తుపాను అచ్చటి సమర్, లేతె దీవులను తాకినది. టక్లోబాన్ పట్టణముపైకి ఉప్పెన వచ్చినది. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 6,300 మంది మృతులు. మూడు కోట్లకు పైగా కొబ్బరిచెట్లు దెబ్బతిన్నవి. దూరదర్శనములో ఆ మొవ్వు మెలితిరిగిన చెట్లను చూచి, ఏ ఊరని అడుగకుండగనే గుర్తుపట్టినవారు మా సీమలో ఎందఱో కలరు. అదే మాసము 22న హెలెన్ తుపాను మచిలీపట్నము వద్ద తీరము దాటి మా వరిపనలను నీట ముంచినది గూడ.

అంతకంటె దగ్గఱి చుట్టరికము కువైటు, మస్కటు, దుబాయి వంటయిండ్లలో కలదు. రాజోలు, మలికిపురము, సఖినేటిపల్లి ప్రాంతములనుండి ఇంటిపనికి పోయిన స్త్రీలు అచ్చట ఫిలిప్పీన్సు స్త్రీలతో ఒకే గదిలో పండుకొని, ఒకే యజమానురాలి పిల్లలను పెంచుచున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. విఱిగిన అరబ్బీలో మాటలాడుకొందురు. తమ బిడ్డలను తల్లికప్పగించి పరుల బిడ్డలను ఎత్తుకొనుటయందు ఇద్దఱును సమానులు. ఫిలిప్పీన్సు స్త్రీ ఏటికొక్కసారి సబ్బులు, చాక్లెట్లు, డబ్బామాంసము, చెప్పులజతలు కూరి ఇంటికి పంపు అట్టపెట్టెను వారు బలిక్‌బయన్ పెట్టె యందురు. మావారు తెచ్చు పెట్టెలోను సరుకు ఇంచుమించు అదియే, డబ్బామాంసమునకు బదులు సెంటుసీసాలును దళసరి దుప్పటియు నుండును. మే మాసపు ఉక్కలో కోనసీమవానికి ఆ దుప్పటి ఎందులకని నవ్వువారు కలరు. నేను నవ్వను. ఆ దుప్పటి చలికి కొన్నది కాదు. మా అమ్మాయి పంపినదని పదిమందికి చూపుటకు కొన్నది. బీదవాని భోగమును దండుగ యనుట, ధనికుని దండుగను భోగమనుట లోకములో పాతుకొన్న అలవాటు.

ఇన్ని చూచిన పిమ్మట మొదటి ప్రశ్నకు నా సమాధానమిది. విషాదదినమున కాఫీ మానుట వలన ఎవరికిని మేలు లేదు. తుపాను వెలిసిన తరువాత మొదటిసారి పొయ్యి రాజుకొని కాఫీ వాసన వచ్చినప్పుడు, మూడిండ్ల అవతల చావు జరిగిన ఇంటి ముసలమ్మ, "ఒక గుక్క నాకూ పొయ్యవే అమ్మా" అని అడిగినది, త్రాగి ఏడ్చినది. దుఃఖములో నున్నవారు సుఖమును అసహ్యించుకొందురను మాట సుఖములో నున్నవారు కల్పించినది. నల్లబ్యాడ్జి ధరించి రెండు నిముషములు మౌనముగ నిలుచుటయందును, విందులో ఒక తీపి తగ్గించి దానిని పత్రికలో వేయించుకొనుటయందును నాకు గౌరవము లేదు. నా ఆక్షేపణ అంతయు తెలియకపోవుటను గుఱించి, తెలిసియు తెలియనట్లుండుటను గుఱించి. పంకా తిరుగుచున్నంతసేపు గ్యాసు గొట్టము ఎవరి పెరటిక్రింద పోవుచున్నదో, దాని తుప్పును చివరిసారి పరీక్షించినది ఎప్పుడో మనకు అక్కఱలేదు. రొయ్యల వేపుడు తినునప్పుడు, వేటకు పోయిన బోటునకు హెచ్చరిక చేర్చు రేడియో యున్నదో లేదో అక్కఱలేదు. ఈ రెండు సంగతులును అడుగుటకు డబ్బు ఖర్చు లేదు, ఉపవాసము లేదు. అడుగుట మాత్రము ఎవరికిని అలవాటు లేదు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లాయై అమలాపురము ముఖ్యపట్టణమైనది. అధికారులు దగ్గఱనే యున్నారు. కాకినాడదాక పోయి అర్జీ ఇచ్చు శ్రమ తప్పినది. తీరపు పల్లెలలో కట్టిన తుపాను షెల్టర్లు కొన్ని బడులుగ నడచుచున్నవి, కొన్ని పెచ్చులూడి ఇనుపచువ్వలు బయటపడి, ధాన్యపు బస్తాలకును మేకలకును నీడనిచ్చుచున్నవి. మీ ఊరు తీరమునకు దగ్గఱిదైనచో, ఆశ్వయుజము రాకమునుపే ఒక సాయంకాలము నడచి పోయి, మీ షెల్టరు కప్పు కారుచున్నదో లేదో చూడుడు. దాని తాళపుచెవి ఎవరి యింట నున్నదో, అర్ధరాత్రి తలుపు తట్టినచో వారు లేచి ఇత్తురో లేదో అడిగి తెలిసికొనుడు. కారుచున్నచో ఆ వారమే కలెక్టరుగారికి అర్జీ పెట్టుడు, నకలు దగ్గఱ ఉంచుకొనుడు.